మూడోసారి గ్యాస్ కొట్టించే ముందు ఆ ఫ్రిజ్‌ను ఒక రోజు ఆపి చూడండి

మీరు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఇల్లు బందరులో. ఏడేళ్ల నాటి సింగిల్ డోర్ ఫ్రిజ్, 190 లీటర్లది. వెనక స్టిక్కర్ మీద ఆర్-600ఎ, 38 గ్రాములు అని ఉంది, అంటే లోపలి గ్యాస్ పేరు, దాని బరువు. పోయిన మే నెలలో చల్లదనం తగ్గితే ఒక మెకానిక్ వచ్చి గ్యాస్ కొట్టాడు, అయిదు నెలలు పనిచేసింది. తర్వాత ఇంకొకాయన కొట్టాడు, ఈసారి మూడు నెలలే. ఇప్పుడు మూడో ఆయన వచ్చి కంప్రెసరే పోయింది అంటున్నాడు. ఇంతలో మీరు ఆన్‌లైన్‌లో చిన్న గ్యాస్ డబ్బా, పైపు, ఒత్తిడి చూపే గేజి కలిపి అమ్మడం చూసి, నేనే ఎక్కించుకుంటే పోలా అని అడుగుతున్నారు.

చివరి ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. ఆ డబ్బా కొనకండి. నేను విజయవాడలో ఇరవై ఆరేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. గ్యాస్ కొట్టగా వచ్చిన డబ్బులతోనే ఇల్లు గడుస్తోంది. అయినా చెబుతున్నా, మా పనిలో అన్నిటికంటే తేలిగ్గా నోట్లోంచి వచ్చేసే మాట "గ్యాస్ అయిపోయిందండీ" అన్నదే. ఇంటివాళ్లు కూడా దాన్ని వెంటనే నమ్ముతారు. వంటింట్లో సిలిండర్ అయిపోతుంది కదా, ఇదీ అలాంటిదే అనుకుంటారు.

అలాంటిది కాదు. పొయ్యి మీద గ్యాస్ మండి పోతుంది. ఫ్రిజ్‌లో గ్యాస్ తిరుగుతుందే గాని ఖర్చు కాదు. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడి ఆవిరిగా వెనకవైపు కాయిల్‌లోకి, అంటే వంకర గొట్టాల్లోకి తోస్తుంది. కాయిల్ దగ్గర ఆ వేడి గదిలోకి పోయి గ్యాస్ ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం ఫిల్టర్ దాటి కేపిలరీ అనే సన్న గొట్టంలోంచి, మెకానికల్ పెన్సిల్‌లో వేసే లెడ్ అంత రంధ్రంలోంచి, ఫ్రీజర్‌లోకి పోతుంది. అక్కడ ఒత్తిడి ఒక్కసారిగా పడిపోవడంతో మరిగి, మీ పాలలోని, కూరల్లోని వేడిని లాక్కుని, మళ్లీ ఆవిరై కంప్రెసర్‌కి వస్తుంది. మొత్తం వెల్డింగ్ చేసి మూసేసిన దారి. ఇరవై ఏళ్లు వాడి పాత సామానుకి వేసేసిన ఫ్రిజ్‌ల్లో కంపెనీవాళ్లు నింపిన మొదటి గ్యాస్ అలాగే ఉండటం నేను చాలాసార్లు చూశాను. కాబట్టి గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారడం లేదంటే గ్యాస్ తగ్గలేదు, జబ్బు వేరే.

మీకు ముందు వచ్చిన ఇద్దరూ ఈ రెంటిలో ఏదో తేల్చకుండానే గ్యాస్ కొట్టి వెళ్లారు. వాళ్లను నేనేమీ అనను, నేను కూడా చేశాను ఆ పని. కొత్తల్లో, సత్యనారాయణపురంలో ఒక ఇంట్లో డబుల్ డోర్ ఫ్రిజ్. పైన ఫ్రీజర్‌లో ఐసు ఉంది, కింద మాత్రం పెరుగు పులిసిపోతోంది. గ్యాస్ తక్కువైంది అనుకుని కొట్టాను, బాగా చల్లబడింది. ఇరవై రోజులకు మళ్లీ పిలిచారు, మళ్లీ కొట్టాను. మళ్లీ బాగైంది. మూడోసారి పిలిచినప్పుడు ఆ ఇంటి పెద్దావిడ, "నువ్వు గ్యాస్ పెట్టినందుకు కాదు నాయనా, పెట్టేటప్పుడు నాలుగు గంటలు ఆపుతున్నావు, అందుకే బాగవుతోంది" అంది. అక్షరాలా అదే జరిగింది. అది ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్, అంటే మంచును తనంతట తానే కరిగించుకునే రకం. లోపలి కాయిల్ మీద మంచును కరిగించే హీటర్ కాలిపోయింది. మంచు పేరుకుని గాలి దారి మూసుకుపోయింది. నేను ఆపి పెట్టిన ప్రతిసారీ ఆ మంచు కరిగి, కొన్నాళ్లు నడిచింది. రెండుసార్లు తీసుకున్న డబ్బులు తిరిగిచ్చి హీటర్ మార్చాను. అప్పట్నుంచీ ఏ ఫ్రిజ్ అయినా ముందు ఆపి చూడకుండా పైపు కోయను.

మీది ఫ్రాస్ట్ ఫ్రీ కాదు, మంచు పట్టే మామూలు రకం. ఈ రకంలో ఫ్రీజర్ డబ్బాయే లోపలి కాయిల్. మంచు ఎలా పడుతోందో కంటికి కనిపిస్తుంది కాబట్టి మీకే సగం పరీక్ష చేసుకునే వీలుంది. రాత్రి సామానంతా తీసేసి, ప్లగ్ పీకి, తలుపు తెరిచి వదిలేయండి. పొద్దునకి మంచంతా కరగాలి. గుడ్డతో తుడిచి, లోపల ఏమీ పెట్టకుండా, నాబ్ మధ్యలో పెట్టి ఆన్ చేయండి. అరగంటకోసారి తలుపు తెరిచి ఫ్రీజర్ గోడలు చూడండి. పదేపదే తెరవకండి, బందరు గాలిలో తేమకి అన్ని చోట్లా చెమట పట్టి ఏదీ తెలియకుండా పోతుంది.

గంట, గంటన్నరకి ఫ్రీజర్ నాలుగు వైపులా సన్నగా తెల్లటి మంచు సమానంగా పడితే గ్యాస్ సరిపోయినంత ఉన్నట్టే. ఇక తలుపు రబ్బరు, థర్మోస్టాట్, వోల్టేజి లాంటివి చూసుకోవాలి. ఒక మూల మాత్రమే, జానెడు మేర మంచు పట్టి మిగతాదంతా తడిగానో పొడిగానో ఉండిపోయి, కంప్రెసర్ ఆగకుండా నడుస్తూ, వెనక కాయిల్ గోరువెచ్చగా కూడా లేకపోతే అది గ్యాస్ తక్కువ. మూడో రకం ఒకటుంది, అదే చాలామందిని మోసం చేస్తుంది. మొదట చక్కగా మంచు పడుతుంది, సుయ్యిమని గ్యాస్ పారే చప్పుడు వినిపిస్తుంది. రెండు మూడు గంటలకో, మర్నాటికో ఆ చప్పుడు ఆగిపోతుంది, మంచు కరగడం మొదలవుతుంది. ఆపేసి పెడితే మళ్లీ మామూలే. ఇది లోపల తేమ ఉండటం వల్ల. నీటి చుక్క కేపిలరీ చివర గడ్డకట్టి దారి మూసేస్తుంది, కరిగితే తెరుస్తుంది. దీన్నే మేం మాయిశ్చర్ చోక్ అంటాం. గ్యాస్ పూర్తిగా ఉన్నా చల్లబడదు.

చోక్‌లో ఇంకోటి ఉంది, పూర్తిగా మూసుకుపోయేది. కాలిన నూనె మడ్డో, ఫిల్టర్‌లోని గింజలు నలిగిన పొడో కేపిలరీకి అడ్డం పడుతుంది. అది ఆపినా తగ్గదు. గేజి పెట్టకుండా దాన్నీ గ్యాస్ తక్కువనూ వేరుచేసి చెప్పడం కష్టం, కాబట్టి అది మెకానిక్ పని.

ఇంకో చిన్న పని. కంప్రెసర్ అసలు నడుస్తోందా లేదా చెయ్యి పెట్టి చూడండి. నడవబోయి మూలిగి, కొన్ని సెకన్లకు టక్ మని ఆగి, నాలుగయిదు నిమిషాలకు మళ్లీ అదే చేస్తుంటే గ్యాస్‌తో సంబంధం లేదు. కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే రిలే పోయుండొచ్చు, అది వేడెక్కితే కరెంటు ఆపే ఓవర్‌లోడ్ పోయుండొచ్చు, ఊళ్లో వోల్టేజి పడిపోయుండొచ్చు, చివరికి కంప్రెసర్ కూడా పోయుండొచ్చు. రిలే, ఓవర్‌లోడ్ ఖరీదు వందల్లో ఉంటుంది, కంప్రెసర్ వేలల్లో. ముందు వందలది మార్చి చూడకుండా వేలది మారుస్తానన్నవాళ్లను ఒక ప్రశ్న అడగాలి. అదేమిటో కింద చెబుతాను.

తలుపు రబ్బరుకి పది రూపాయల నోటు పెట్టి తలుపు వేసి లాగడం మీకు తెలిసే ఉంటుంది. నోటు జారిపోతుంటే అక్కడ గాలి పోతోంది. కాయిల్ వెనక దుమ్ము, గోడకు ఫ్రిజ్ ఆనించడం కూడా ఎండాకాలంలో చల్లదనం తగ్గిస్తాయి. మేలో బెజవాడలో వంటింట్లో నలభై డిగ్రీలుంటే ఫ్రిజ్ వేడిని ఎక్కడ వదులుతుంది పాపం. అయితే ఇవేవీ అయిదు నెలలకోసారి పూర్తిగా చల్లబడటం మానేలా చేయవు. మీది దాదాపు లీకే అని నా అనుమానం. మొదట అయిదు నెలలు, తర్వాత మూడు నెలలు అన్నారు కదా, కారే రంధ్రం పెరుగుతోంది. బందరు ఉప్పుగాలి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఫ్రిజ్‌ల పైపులు తుప్పు పట్టి పోవడం నేను ఎక్కువ చూశాను.

లీకు ఎక్కడుంటుంది అంటే, మొదటి అనుమానం ఫ్రీజర్ మీదే. ఒక్క మాట నిజం చెప్పండి, ఎప్పుడైనా ఐసు ఊడదీయడానికి కత్తో స్క్రూడ్రైవరో వాడారా? ఫ్రీజర్ అల్యూమినియం రేకు. రెండు రేకులు కలిపి మధ్యలో దారి ఉబ్బించి చేస్తారు. కత్తి మొన తగిలిందంటే సూదిమొనంత బెజ్జం పడినా చాలు. రెండోది, అల్యూమినియం గొట్టం, రాగి గొట్టం కలిసే అతుకు. తేమలో ఆ రెండు లోహాలూ ఒకచోట ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. మూడోది, తలుపు చుట్టూ చెమట పట్టకుండా ఫ్రేములోంచి పోయే వేడి పైపు. ఇది ఇనుము. ఎప్పుడో రేకులోకి నీళ్లు దిగి తుప్పు పడుతుంది. కొన్ని మోడళ్లలో వెనక కాయిల్ కనిపించదు, పక్క రేకుల లోపల అతికించి ఉంటుంది, అదీ ఇనుపదే. చివరగా, ముందు వచ్చిన మెకానిక్ పెట్టిన వెల్డింగు. నవ్వకండి, మూడోసారి పిలిచిన ఇళ్లలో దాన్నే మొదట చూస్తాను.

ఇప్పుడు ఆర్-600ఎ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మీ డబ్బా ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది.

మేం పని నేర్చుకున్నప్పుడు ఫ్రిజ్‌ల్లో ఆర్-12 అనే గ్యాస్ ఉండేది. ఓజోన్ పొరను తినేస్తోందని 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగాక మెల్లగా దాన్ని ఆపేశారు. దాని బదులు ఆర్-134ఎ వచ్చింది. అది ఓజోన్ జోలికి పోదు గాని భూమిని వేడెక్కించే విషయంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు మించినది. ఇప్పుడు ఇళ్లలో కొత్తగా వస్తున్న ఫ్రిజ్‌ల్లో ఎక్కువగా ఆర్-600ఎ ఉంటోంది. అది ఐసోబ్యూటేన్. కొత్తదేమీ కాదు, వంటగ్యాస్ కుటుంబమే. ఓజోన్‌కి హాని లేదు, వేడెక్కించడం నామమాత్రం, కరెంటు కూడా తక్కువ తింటుంది. దాని చిక్కల్లా మండుతుంది, పైగా వాసన రాదు. వంటగ్యాస్‌లో కారితే తెలియాలని వాసన కలుపుతారు, ఫ్రిజ్ గ్యాస్‌లో కలపరు. గాలి కంటే రెండింతలు బరువు కాబట్టి కారితే నేలబారున పరుచుకుంటుంది.

38 గ్రాములంటే ఎంతని? ఆవిరైతే దాదాపు 16 లీటర్లు. గాలిలో ఇది సుమారు 1.8 శాతం నుంచి 8.4 శాతం వరకు ఉంటే నిప్పు అంటుకుంటుంది. కిటికీ తెరిచి ఉన్న వంటింట్లో ఆ 16 లీటర్లు చెల్లాచెదురై ఏమీ కాదు, మీరు భయపడి ఫ్రిజ్ బయట పెట్టక్కర్లేదు. కానీ తలుపు మూసిన 190 లీటర్ల డబ్బాలో లెక్క వేయండి. ఎనిమిది గ్రాములు చేరితే చాలు 1.8 శాతం అవడానికి. అందుకే ఈ గ్యాస్ ఫ్రిజ్‌ల్లో లోపలి స్విచ్‌లు, థర్మోస్టాట్ నిప్పురవ్వ బయటికి రాని రకంవి పెడతారు. ఆర్-134ఎ ఫ్రిజ్‌లో ఆ ఏర్పాటు ఉండదు. కొందరు అలాంటి పాత ఫ్రిజ్‌ల్లో చవగ్గా వస్తుందని వంటగ్యాస్ ఎక్కిస్తారు, చల్లబడుతుంది కూడా. ఎవరైనా మీ చుట్టుపక్కల ఆ పని చేస్తే ఆ ఇంటికి భోజనానికి వెళ్లకండి.

కత్తి దిగి సుయ్యిమంటే ఏం చేయాలో కూడా చెబుతాను. తలుపు బార్లా తెరిచి, కిటికీలు తెరిచి, పొయ్యి ఆపండి. ఆ గదిలో ఏ స్విచ్చూ ముట్టుకోకుండా, వేరే గదిలోనో వరండాలోనో ఉన్న మెయిన్ దగ్గర కరెంటు తీసేయండి. పావుగంట బయట కూర్చోండి. అంతే.

ఇక అసలు మెలిక. ఆర్-134ఎ ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు ఫ్రీజర్ వైపు ఒత్తిడి ఇంచుమించు బయటి గాలితో సమానంగానో, ఒకట్రెండు పౌండ్లు ఎక్కువగానో ఉంటుంది. ఆర్-600ఎ మరిగేదే మైనస్ 11.7 డిగ్రీల దగ్గర. ఫ్రీజర్‌లో మైనస్ ఇరవై అయిదు రావాలంటే ఆ వైపు ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువకు పడిపోవాలి. గేజి ముల్లు సున్నా దాటి కిందికి, వాక్యూమ్ పది పన్నెండు ఇంచుల దగ్గర ఆడుతుంది. అంటే ఫ్రీజర్‌లో బెజ్జం ఉందనుకోండి, ఫ్రిజ్ నడుస్తున్నంతసేపూ గ్యాస్ బయటికి రాదు, బయటి తేమగాలి లోపలికి పోతుంది. ఆగినప్పుడు లోపల ఒత్తిడి పెరిగి గ్యాస్ బయటికి పోతుంది. నడిస్తే గాలి పీల్చడం, ఆగితే గ్యాస్ వదలడం. మనిషి ఊపిరి లాగే అన్నమాట.

లోపలికి పోయిన ఆ గాలి కాయిల్‌లో ద్రవం కాదు. ఒక మూల చేరి అడ్డుగా కూర్చుంటుంది. ఒత్తిడి పెరిగిపోతుంది, కంప్రెసర్ ఒళ్లు కాలిపోతుంది, చల్లదనం రాదు. గాలితోపాటు తేమ వచ్చి నేను పైన చెప్పిన చోక్ తెస్తుంది, కంప్రెసర్ నూనెను పాడుచేస్తుంది. ఇలాంటి ఫ్రిజ్‌కి మీరు డబ్బా తగిలించి పైన ఇంకో ఇరవై గ్రాములు ఎక్కిస్తే లోపలున్న గాలి ఎక్కడికి పోతుంది? అది అలాగే ఉంటుంది. రెండ్రోజులు కొంచెం చల్లగా అనిపించి మళ్లీ మొదటికే వస్తుంది. పైగా నడుస్తుండగా సబ్బు నురగ పూసి లీకు చూడటం కొందరు చేస్తారు. ఈ గ్యాస్‌కి ఫ్రీజర్ వైపు అలా చూస్తే బుడగ ఎందుకు వస్తుంది, నురగనే లోపలికి లాక్కుంటుంది.

రెండో కారణం తూకం. ఇంటి ఏసీలో ముప్పావు కిలో, కిలో దాకా గ్యాస్ ఉంటుంది, అయిదు గ్రాములు అటూ ఇటూ అయితే ఎవరికీ తెలియదు. మీ ఫ్రిజ్‌లో మొత్తమే 38. అందులో అయిదు గ్రాములు తప్పితే ఎనిమిదో వంతు తప్పినట్టు. ఎక్కువైతే ద్రవం ఫ్రీజర్ దాటి వెనక్కి వచ్చి, కంప్రెసర్‌కి వెళ్లే పైపు మీద బయట కూడా మంచు పడుతుంది, కంప్రెసర్‌కి దెబ్బ. తక్కువైతే సగం ఫ్రీజరే పనిచేస్తుంది. మీరు కొనే పైపులోనే కొన్ని గ్రాములు మిగిలిపోతాయి. గేజి చూసి ఈ 38 గ్రాములు కొట్టడం నాకే చేతకాదు, తూకం పెట్టాల్సిందే. ఒక గ్రాము తేడా చూపించే ఎలక్ట్రానిక్ తూకం, బంగారం షాపులో లాంటిది.

మూడోది ఆ కిట్లలో ఇచ్చే బిగింపు వాల్వు. పైపుకి క్లిప్పులా పట్టించి లోపల సూదితో పొడుస్తుంది. అది రబ్బరు వాషర్ మీద ఆధారపడిన అతుకు. లీకు మూయాల్సిన చోట మీరే కొత్త లీకు పెట్టినట్టు. బందరు ఎండకీ వేడికీ ఆ రబ్బరు ఎన్నాళ్లుంటుందో చూసుకోండి.

సరిగ్గా చేసే పని ఎలా ఉంటుందో చెబుతాను. మీరు చేయడానికి కాదు, ఎవరైనా చేస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని చూడటానికి. ఈ గ్యాస్ ఉన్న ఫ్రిజ్‌ను గాలి ఆడే చోటికి, వీలైతే వరండాలోకి తెస్తారు. పొయ్యి, దీపం, అగరొత్తి ఏదీ ఉండకూడదు. చార్జింగ్ లైన్‌కి, అంటే గ్యాస్ ఎక్కించే పైపుకి, వాల్వు పెట్టి లోపలి గ్యాస్‌ను పైపుతో దూరంగా ఆరుబయటికి వదులుతారు. అది పోయి, లోపల నైట్రోజన్ ఊదాక గాని వెల్డింగ్ మంట వెలిగించకూడదు. తర్వాత నైట్రోజన్ సిలిండర్‌తో ఒత్తిడి పెట్టి లీకు వెతుకుతారు. కాయిల్ వైపు, ఫ్రీజర్ వైపు విడదీసి వేరువేరుగా పెడితే ఏ వైపు పడిపోతోందో తేలిపోతుంది. ఫ్రీజర్ వైపు మరీ ఎక్కువ పెడితే రేకు ఉబ్బుతుంది, నేను 150 పౌండ్లు దాటను. సబ్బు నురగ, కాసేపు ఓపిక. సన్న లీకయితే రాత్రంతా వదిలేసి పొద్దున గేజి చూస్తాను.

నైట్రోజన్ సిలిండర్ మోయడం బరువని కొందరు ఆక్సిజన్‌తో ఒత్తిడి పెడతారు. నూనె ఉన్న చోట ఒత్తిడితో ఆక్సిజన్ తగిలితే బాంబే. వెల్డింగ్ సెట్టులోని సిలిండర్ పైపు తీసి ఫ్రిజ్‌కి తగిలిస్తుంటే ఆ మనిషిని ఆపండి, మొహమాటపడకండి. ఇంకొందరు కంప్రెసర్‌తోనే బయటి గాలి లాగించి ఒత్తిడి పెడతారు, దాంతో తేమంతా లోపలికి పోతుంది.

లీకు మూశాక ఫిల్టర్ మార్చాలి, ఎప్పుడు పైపు తెరిచినా కొత్త ఫిల్టరే. దానిలోని గింజలు తేమ పీల్చేవి. పాతది ఇప్పటికే పీల్చేసి ఉంటుంది. కొత్తది కూడా కవరు చించి గంటసేపు బయట పెడితే గాలిలో తేమ పీల్చుకుని దండగైపోతుంది. ఆ తర్వాత వాక్యూమ్ పంపు. ఇక్కడే అందరూ తొందరపడతారు. పంపు పెట్టేది గాలి లాగడానికి మాత్రమే కాదు. ఒత్తిడి బాగా పడిపోతే మామూలు వేడికే నీళ్లు మరుగుతాయి, అలా మరిగించి తేమను ఆవిరిగా లాగేస్తాం. వాక్యూమ్ ఎంత లోతో కొలిచే మైక్రాన్ గేజి ఉంటే 500 మైక్రాన్ల కిందికి దిగాలి, పంపు ఆపాక అక్కడే నిలవాలి. నేనయితే మీలాంటి కేసులో అరగంటతో సరిపెట్టను, గంట పైనే పెడతాను. కొందరి దగ్గర పంపే ఉండదు. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌నే పంపుగా వాడతారు, అది అంత లోతు లాగలేదు. అసలు ఏదీ పెట్టకుండా కొంచెం గ్యాస్ వదిలి "గాలి తోసేశా" అనేవాళ్లూ ఉన్నారు.

ఆ తర్వాతే తూకం మీద గ్యాస్ డబ్బా పెట్టి 38 గ్రాములు ఎక్కించాలి. మూసేటప్పుడు చార్జింగ్ లైన్‌ను పించ్ ప్లయర్‌తో నొక్కి కోసి మూస్తారు. ఆర్-134ఎ అయితే అక్కడ మంట పెట్టి టాకా వేస్తాం. ఈ గ్యాస్‌కి లోపల ఇంధనం ఉండగా మంట పెట్టడం తెలివి తక్కువ పని, లోక్‌రింగ్ లాంటి బిగింపు అతుకులు వాడాలి. ఇదంతా చూస్తే అర్థమవుతుంది, అరగంటలో గ్యాస్ కొట్టి వెళ్లినవాళ్లు ఇందులో ఏవి వదిలేసి ఉంటారో.

లీకు ఎక్కడ దొరికితే ఏం చేయాలన్నది వేరువేరు. ఫ్రీజర్ డబ్బాలో అయితే బెజ్జానికి ఎమ్-సీల్ లాంటివి పూసి గట్టెక్కడం నాకు నచ్చదు, చల్లదనానికి వేడికి సాగి ముడుచుకుని ఊడుతుంది. సింగిల్ డోర్ కాబట్టి డబ్బా మొత్తం మార్చవచ్చు, బజార్లో దొరుకుతుంది, మూడు నాలుగు గంటల పని. తలుపు ఫ్రేము పైపు కారుతుంటే దాన్ని వదిలేసి పక్కనుంచి కలిపేస్తాం. దానివల్ల వానాకాలంలో తలుపు అంచుకి చెమట పడుతుంది, గుడ్డతో తుడుచుకుంటే పోయేదే. పక్క రేకు లోపలి కాయిల్ పోతే వెనక బయటి కాయిల్ పెట్టి నడిపించవచ్చు. ఫోములో ఎక్కడో కనపడని చోట, ఫ్రీజర్ వైపు పైపు తుప్పు పట్టి కారుతుంటే మాత్రం ఆ ఫ్రిజ్‌కి దండం పెట్టేయండి. ఏడేళ్ల సింగిల్ డోర్‌కి దాని మీద పెట్టే డబ్బు దండగ. నా లెక్క ఏమిటంటే, మొత్తం బిల్లు కొత్తదాని ధరలో మూడో వంతు దాటితే నేను నా సొంత ఇంటికయినా బాగుచేయించను.

ఇప్పుడు మూడో ఆయన చెప్పిన కంప్రెసర్ సంగతి. ఆయన అబద్ధం చెబుతున్నాడని నేను అనను. గాలి, తేమ లోపలికి పోతూ ఇన్ని నెలలు ఆగకుండా నడిస్తే కంప్రెసర్ పోయినా ఆశ్చర్యం లేదు. కానీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఎలా తెలిసింది?" మోటారు పోయిందంటే మీటరుతో మూడు పిన్నుల మధ్య చూపించమనండి. కామన్ నుంచి రన్నింగ్, కామన్ నుంచి స్టార్టింగ్ వచ్చిన రెండు అంకెలు కలిపితే రన్నింగ్, స్టార్టింగ్ మధ్య వచ్చే మూడో అంకె రావాలి. ఏ పిన్నుకీ బాడీకీ మధ్య ఏమీ చూపకూడదు. ఈ లెక్క పాత మామూలు కంప్రెసర్‌కి. ఇన్వర్టర్ కంప్రెసర్ అయితే మూడు జతల మధ్యా ఒకే అంకె వస్తుంది, అక్కడ చాలాసార్లు పోయేది కంప్రెసర్ కాదు, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు. మోటారు బాగానే ఉంది, నొక్కడం లేదంటే పైపు విడదీసి గేజి పెట్టి ఒత్తిడి ఎంత తెస్తోందో చూపించమనండి. లీకు తేలకుండా, ఈ రెండూ చూడకుండా చెప్పిన మాటయితే అది ఊహ. కొత్త కంప్రెసర్ వేసినా పాత బెజ్జం అలాగే ఉంటే మళ్లీ మూడు నెలలే.

ఒకవేళ మార్చాల్సే వస్తే, వారంటీ కార్డు వెతకండి. చాలా కంపెనీలు కంప్రెసర్‌కి 10 ఏళ్లు రాసిస్తున్నాయి, మీది ఏడేళ్లే. గ్యాస్, ఫిల్టర్, పనికూలీ అందులో ఉండకపోవచ్చు, అయినా కంప్రెసర్ ధర మిగిలినా తక్కువేం కాదు. కాకపోతే ముందు ఇద్దరు బయటి మెకానిక్‌లు పైపు కోశారు కాబట్టి కంపెనీవాళ్లు మెలిక పెట్టవచ్చు. ఫోన్లో దాచకుండా ముందే చెప్పండి, వచ్చాక చూస్తే ఎలాగూ తెలుస్తుంది. కొత్త కంప్రెసర్ కూడా ఆర్-600ఎ కోసం చేసినదే కావాలి. 134ఎ కంప్రెసర్ కొంచెం చవగ్గా దొరికిందని అది బిగించి గ్యాస్ కూడా మార్చేస్తే, కేపిలరీ కొలత, నూనె ఏదీ కుదరదు.

ఫ్రిజ్ బాగుచేయించుకున్న రోజు ఆయన వెళ్లిపోయాక వెంటనే సామాను నింపకండి. ఖాళీగా ఒక రోజు నడవనివ్వండి. మంచు నాలుగు వైపులా సమానంగా పడాలి, కంప్రెసర్ మధ్యమధ్యలో ఆగాలి, కింద అరలో గ్లాసు నీళ్లలో థర్మామీటరు పెట్టి చూస్తే అయిదు డిగ్రీల దగ్గరకు రావాలి. కంప్రెసర్‌కి వచ్చే పైపు మీద మంచు ఉంటే గ్యాస్ ఎక్కువైంది, ఆ రోజే పిలవండి, వారం తర్వాత పిలిస్తే తలుపు తెరిచి పెట్టారంటారు. బిల్లు మీద లీకు ఎక్కడ దొరికింది, ఎన్ని గ్రాములు ఎక్కించారు అన్న రెండు మాటలూ రాయించుకోండి. ఈ సంగతి ముందే అడగండి, ఆ రెండూ రాయనన్న మనిషికి పని అప్పగించకండి. ఈ రాత్రికి మాత్రం ప్లగ్ పీకి తలుపు తెరిచి పెట్టండి, రేపు మంచు ఏ వైపు పడిందో ఫోటో తీసి పెట్టండి, అప్పుడు ఫ్రీజరో ఫ్రేమో ఇంకొంచెం గట్టిగా చెప్పగలను.